సరిహద్దు కంచె: గట్టు సంగతి, తూము సంగతి

అమలాపురంలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. బెర్లిన్ గోడ కూలాక తగ్గిపోవలసిన సరిహద్దు గోడలు ఎందుకు పెరుగుతున్నాయి, అవి అనుకున్న పని చేస్తాయా, మయన్మార్ సరిహద్దులో మన ప్రభుత్వం తలపెట్టిన కంచె ఫలిస్తుందా అన్నవి వారి సందేహాలు.

నేను అంతర్జాతీయ సంబంధాలను తరగతి గదిలో బోధించినవాడిని కాను. 1989 నుంచి ఇరవై ఏడేళ్ళపాటు సరిహద్దు కాపలా ఉద్యోగం చేసి, అందులో ఎక్కువ కాలం బంగ్లాదేశ్ సరిహద్దున కూచ్‌బెహార్, ధుబ్రీ ప్రాంతాల్లో గడిపి, విరమణ తరవాత కోనసీమలోని మా లంక ఊరికి తిరిగి వచ్చినవాడిని. అందువల్ల నేను చెప్పేదాంట్లో కొంత చదివినది, కొంత గేటు దగ్గర నిలబడి చూసినది ఉంటుంది. మూడవదిగా గోదావరి గట్ల మీద పెరిగినవాడికి అబ్బే అలవాటు ఒకటి కూడా ఉంటుంది, అదేమిటంటే ఏ అడ్డుకట్టను చూసినా అటువైపు నీరు ఎక్కడికి పోతుందని ముందుగా అడగడం.

సరిహద్దును చూడడానికి మీరు పంజాబ్ దాకా వెళ్ళనక్కరలేదు. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే యానాం 1954 నవంబర్ 1 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. చట్టరీత్యా మనకు దఖలుపడింది 1962లో. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1929లో వచ్చినప్పుడు, ఆ చట్టం వర్తించని ఫ్రెంచి నేల గౌతమి ఒడ్డునే ఉండడంతో చుట్టుపక్కల జిల్లాల పెళ్ళివారు పిల్లల్ని తీసుకుని యానాం చేరేవారు, ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరే పడింది. అక్కడ గోడా లేదు, కంచే లేదు. ఒక చట్టానికీ మరొక చట్టానికీ మధ్య తేడా మాత్రమే ఉంది, జనాన్ని నడిపించడానికి అది సరిపోయింది. ఇవాళ ఆ తేడా మద్యం సీసా మీద పన్నులో ఉంది, కాబట్టి చెక్‌పోస్టులు ఉన్నాయి, తనిఖీలు ఉన్నాయి, తనిఖీలను దాటించే మనుషులూ ఉన్నారు.

సరిహద్దు దాటడం అన్నది ఎప్పుడూ ఏదో ఒక తేడాను పట్టుకునే పుడుతుంది. అది కూలి రేటులో తేడా కావచ్చు, సరుకు ధరలో తేడా కావచ్చు, ఒకవైపు ప్రాణభయం ఉండి రెండోవైపు లేకపోవడం కావచ్చు. గట్టుకు రెండు పక్కలా నీటిమట్టం ఒకటే అయితే గట్టు మీద ఒత్తిడి ఉండదని మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. మట్టాలు వేరైనప్పుడే గట్టుకు పని పడుతుంది, ఆ పని ఎంత పెద్దదన్నది గట్టు ఎత్తును బట్టి కాక మట్టాల తేడాను బట్టి ఉంటుంది.

దీనికి మన దేశంలోనే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. ఉప్పు మీద పన్ను ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా ఉన్న రోజుల్లో, చవక ఉప్పు అవతలికి పోకుండా బ్రిటిష్‌వారు సింధు నది వైపు నుంచి ఒరిస్సాలో మహానది దాకా కస్టమ్స్ రేఖ ఒకటి గీసి, అందులో చాలా దూరం తుమ్మ, నాగజెముడు వంటి ముళ్ళచెట్లతో బతికున్న కంచెనే పెంచారు. దాని కాపలాకు వేల మంది ఉద్యోగులు ఉండేవారు. ఆ ముళ్ళకంచెను శ్రద్ధగా పెంచిన కస్టమ్స్ అధికారుల్లో ఒకరు ఏ. ఓ. హ్యూమ్, తరవాతి కాలంలో కాంగ్రెస్ పుట్టుకకు కారకుడైన ఆ హ్యూమే. అంత శ్రమపడి పెంచిన కంచెను ఎవరూ దండెత్తి పడగొట్టలేదు. ఉప్పు పన్నుల్లో తేడాను బాగా తగ్గించాక దానికి పని లేకపోయింది, 1879లో ఆ రేఖను ఎత్తివేశారు. పరీక్షలో గోడల గురించి రాయవలసి వస్తే బెర్లిన్‌తో పాటు దీన్ని కూడా రాయండి, ఎందుకంటే కూలిన గోడ కంటే అవసరం తీరిపోయిన కంచె ఎక్కువ విషయం చెబుతుంది.

ఇక మీ మొదటి సందేహం. బెర్లిన్ గోడ 1961 ఆగస్టు 13న మొదలై 1989 నవంబర్ 9న తెరుచుకుంది. అప్పటికి ప్రపంచంలో దేశాల మధ్య గోడలు, కంచెలు పదిహేను దాకా ఉండేవని, ఇప్పుడవి డెబ్భై దాటాయని ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఎలిజబెత్ వాలే లెక్క తేల్చారు. బెర్లిన్ గోడకూ ఇప్పటి వాటికీ ఒక పెద్ద తేడా ఉందని మరిచిపోకూడదు. తూర్పు జర్మనీ తన మనుషులు బయటికి పోకుండా కట్టుకున్న గోడ అది. 1949 తరవాత పన్నెండేళ్ళలో పాతిక లక్షలకు పైగా జనం వెళ్ళిపోతే దిక్కుతోచక కట్టినది. ఇప్పటివి ఎక్కువగా బయటివారు లోపలికి రాకుండా కట్టేవి. వీటిలోనూ అన్నిటి ఉద్దేశం ఒకటి కాదు. పశ్చిమ సహారాలో మొరాకో 1980ల్లో పోసిన 2,700 కిలోమీటర్ల ఇసుక కట్ట, పాకిస్తాన్ 2017 నుంచి అఫ్ఘానిస్తాన్ వైపు డ్యూరాండ్ రేఖ మీద వేసిన కంచె వలసలను ఆపడం కంటే ‘ఇది నా హద్దు’ అని నేల మీద రాసి చూపించడానికే ఎక్కువగా పనికివచ్చాయి. పాకిస్తాన్ ఏర్పడ్డాక వచ్చిన అఫ్ఘాన్ ప్రభుత్వాలు ఏవీ డ్యూరాండ్ రేఖను హద్దుగా ఒప్పుకోలేదు కనుక ఆ కంచె వేసినప్పుడల్లా గొడవ అయింది. వివాదంలో ఉన్న పొలంలో రాత్రికి రాత్రి దడి కట్టే మనిషిని మీరు చూసే ఉంటారు. తీర్పు వచ్చేలోగా స్వాధీనం తనదిగా కనిపించాలన్నది ఆ మనిషి ఎత్తు.

తన నేల మీద తాను గోడ కట్టుకోవడాన్ని అంతర్జాతీయ చట్టం నేరుగా నిషేధించదు. చిక్కంతా ఎవరి నేల మీద కట్టారన్న దగ్గర, గోడ దగ్గరికి వచ్చిన మనిషిని ఏం చేశారన్న దగ్గర వస్తుంది. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడ మీద అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జూలై 9న సలహాపూర్వక అభిప్రాయం ఇస్తూ, ఆక్రమిత భూభాగంలో దాని నిర్మాణం చట్టవిరుద్ధమని 14–1 ఆధిక్యంతో చెప్పింది. ప్రాణభయంతో వచ్చినవారిని ఆ భయం ఉన్నచోటికే తిరిగి తోసివేయరాదని 1951 శరణార్థుల ఒడంబడికలోని 33వ అధికరణం చెబుతుంది. భారత్ ఆ ఒడంబడికలో చేరలేదు. చట్టం సంగతి ఇంతకంటే సాగదీయను. కంచె స్వభావం కాగితంలో కంటే గేటు దగ్గర బాగా తెలుస్తుంది.

మన బంగ్లాదేశ్ సరిహద్దు పొడవు 4,096 కిలోమీటర్లు, అందులో సుమారు 3,200 కిలోమీటర్లకు కంచె పడింది. అయితే అది సరిహద్దు గీత మీద లేదు. గీతకు ఇరువైపులా 150 గజాల లోపల రక్షణ నిర్మాణాలు ఉండరాదని 1975లో రెండు దేశాల అధికారులు మార్గదర్శకాలు రాసుకున్నారు, కాబట్టి మన కంచె చాలాచోట్ల మన నేలలోనే 150 గజాలు లోపలికి జరిగి ఉంది. దానివల్ల కంచెకు అవతల, గీతకు ఇవతల భారతదేశం ఒక పట్టీలాగా మిగిలిపోయింది. ఆ పట్టీలో పొలాలున్నాయి, కొన్నిచోట్ల ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళ ఓటు మనది, రేషన్ మనది, బడి మనది. వీటన్నిటికీ వాళ్ళకూ మధ్య ఒక ఇనుప గేటు ఉంటుంది, దానికొక వేళ ఉంటుంది.

నేను పనిచేసిన ఒకచోట గేటును రోజుకు మూడు విడతలుగా తెరిచేవాళ్ళం. పొద్దున రైతులు వరుసలో నిలబడి గుర్తింపు కార్డు అప్పగిస్తే రిజిస్టర్‌లో పేరు, కార్డు నంబరు, తీసుకువెళ్ళే సామాను రాసుకోవాలి. రెండు ఎద్దులు, ఒక నాగలి, ఒక టిఫిన్ క్యారియర్, ఒక గొడుగు. సాయంత్రం రెండు ఎద్దులే తిరిగి రావాలి, మూడు వచ్చినా ప్రశ్నే, ఒకటి వచ్చినా ప్రశ్నే. ఏపుగా ఎదిగే జనుము చూపుకు అడ్డం కనుక కంచె దగ్గర వేయవద్దని చెప్పేవాళ్ళం, జనుమే డబ్బు తెచ్చే పంట అని వాళ్ళు చెప్పేవారు. ఇద్దరి మాటా నిజమే. అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది ఒక పెళ్ళి సంగతి. కంచె అవతల కాపురముండే ఒక పెద్దాయన కూతురి పెళ్ళిని కంచె ఇవతల చుట్టాల వాకిట్లో జరిపించాడు. ఎందుకని అడిగితే, మగపెళ్ళివారు గేటు మూసే వేళ చూసుకుని భోజనాలు చేయలేరు కదా అన్నాడు. ఆ తరవాత కాస్త ఆగి, కొడుక్కి సంబంధాలే రావడం లేదని, గేటు అవతలి ఇంటికి పిల్లనిచ్చేవారు లేరని చెప్పాడు. ఆ మాట నాకు కొత్త కాదు. వంతెన లేనప్పుడు మా లంకలోకి పిల్లనివ్వడానికి గట్టు మీది ఊళ్ళవారు ఇలాగే వెనకాడేవారు. రాత్రి పంటు ఆగిపోయాక పురిటినొప్పులు వస్తే ఎలాగన్నది వాళ్ళ భయం. ఢిల్లీలో కంచె అంటే కిలోమీటర్ల లెక్క, అక్కడ మాత్రం అది గేటు తాళం ఎన్ని గంటలకు పడుతుందన్న లెక్క.

గట్టు కట్టినవాడు తూము సంగతి కూడా చెప్పాలని మా నాన్నగారి తరం రైతులు అనేవారు. తూము లేని గట్టుకు వర్షాకాలంలో ఎవరో ఒకరు రాత్రిపూట గండి కొడతారు. కంచెకు తూము గేటే. ఏ దేశపు కంచెనైనా బేరీజు వేయాలంటే దాని ఎత్తును, ముళ్ళతీగ చుట్టలను కొలవడం కంటే అందులో గేట్లు ఎన్ని, ఎన్ని గంటలు తెరుస్తారు, తాళం ఎవరి చేతిలో ఉంది, మూసినప్పుడు ఎవరితో మొరపెట్టుకోవాలి అని అడగడం మంచిదని నా అభిప్రాయం. మేఘాలయలోని కలాయ్‌చర్ దగ్గర 2011లో రెండు దేశాలు కలిసి తెరిచిన సరిహద్దు సంత అటువంటి తూమే. దొంగదారిన పోయే కూరగాయలూ బట్టలూ అక్కడ పట్టపగలు చేతులు మారతాయి. పాకిస్తాన్‌తో ఇన్ని గొడవల మధ్య 2019 నవంబర్ 9న సిక్కు యాత్రికుల కోసం కర్తార్‌పూర్ కారిడార్ తెరుచుకోవడం అటువంటిదే. సరిగ్గా ముప్ఫై ఏళ్ళ కిందట బెర్లిన్ గోడ తెరుచుకున్న తేదీ కూడా అదేనన్నది ఎవరూ ముందుగా అనుకుని చేసినట్టు లేదు.

కంచె పనిచేస్తుందా అన్న రెండవ సందేహానికి, అది వచ్చేదాన్ని ఆపే దానికంటే పక్కకు పంపేది ఎక్కువ అన్నది నా జవాబు. హంగేరీ 2015లో సెర్బియా సరిహద్దున 175 కిలోమీటర్ల కంచె వేసి సెప్టెంబర్ మధ్యలో దారి మూసేసింది. హంగేరీ వరకు చూస్తే అది పనిచేసింది, రాకపోకలు పడిపోయాయి. జనం మాత్రం ఆ వారంలోనే క్రొయేషియా వైపు తిరిగారు. అక్టోబర్‌లో హంగేరీ ఆ దారి కూడా మూస్తే స్లొవేనియా మీద పడ్డారు. నవంబర్‌లో స్లొవేనియా తన తీగ తాను పరుచుకుంది. ఒక రైతు గట్టు ఎత్తు చేస్తే పక్కచేను మునుగుతుంది, పక్కచేను రైతూ ఎత్తు చేస్తాడు, చివరికి అందరూ మట్టి మోస్తూ ఉంటారు. అమెరికా 1994లో శాన్ డియేగో దగ్గర కాపలా బిగించినప్పుడు కూడా రాకపోకలు అరిజోనా ఎడారి వైపు మళ్ళాయి, దాహంతో చనిపోయేవారి సంఖ్య పెరిగింది.

ఆ అమెరికా ఉదంతంలోనే డగ్లస్ మాసీ అనే సామాజిక శాస్త్రవేత్త ఎత్తిచూపిన సంగతి ఒకటి ఉంది, మన ప్రాంతంవారికి అది చిటికెలో అర్థమవుతుంది. కాపలా బిగియక ముందు మెక్సికో కూలీలు పంటకాలంలో వచ్చి, పని అయ్యాక ఇంటికి పోయి, మళ్ళీ వచ్చేవారు. దాటడం ప్రమాదకరమూ ఖరీదైనదీ అయ్యాక, వచ్చినవారు తిరిగి వెళ్ళడం మానేసి పెళ్ళాం పిల్లల్ని కూడా రప్పించుకుని స్థిరపడ్డారు. 1986 ఆగస్టు వరదలో గోదావరి తగ్గుముఖం పట్టాక కూడా మా ఊళ్ళో నీరు రోజుల తరబడి తీయలేదు. గండి గుండా లోపలికి వచ్చిన నీటిని బయటికి పోనివ్వకుండా మిగిలిన ఏటిగట్టే పట్టి ఉంచింది. అడ్డుకట్ట రెండు వైపులా అడ్డుకట్టే.

కంచె వల్ల ప్రయోజనమే లేదని నేను అనడం లేదు. ఇరవై పశువులను ఒకేసారి తోలుకుపోయే మంద కంచె పడ్డాక ఆగింది. కాని దొంగరవాణా చేసేవారు వెదురు బొంగులతో ఏతం వంటిది అమర్చి పశువును కంచె మీదుగా ఎత్తి అవతల దించడం నేర్చుకున్నారు. బంగ్లాదేశ్‌లో నిషేధించిన ఒక రకం దగ్గుమందు మన వైపు దుకాణాల్లో దొరికేది, గీత దాటితే దాని ధర ఎన్నో రెట్లు అయ్యేది, కాబట్టి సీసాలను గోనెసంచిలో గడ్డి మధ్య చుట్టి కంచె మీదుగా విసిరేవారు. ధరలో ఆ తేడా ఉన్నంతకాలం కంచె ఎత్తు పెంచితే విసిరేవాడి కూలి పెరుగుతుంది, అంతే. ఆ కూలిలో కొంత కాపలావాడి జేబులోకి పోయే ప్రమాదం ప్రపంచంలో ఏ సరిహద్దుకూ తప్పలేదు. కంచే చేను మేసినట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇంకొక చిన్న సంగతి, పుస్తకాల్లో ఎవరూ రాయనిది, తుప్పు. మన సముద్రపు గాలికి ఇనుప గ్రిల్లు ఎన్నేళ్ళు ఆగుతుందో మీకు తెలుసు. బెంగాల్, అస్సాం తేమలో మొదటి విడత వేసిన కంచె తినేసి చాలాచోట్ల కొత్తది వేయవలసి వచ్చింది. కంచె అన్నది ఒకసారి కట్టి వదిలేసే పని కాదు, ఏటిగట్టులాగే ఏటేటా మరమ్మతు అడుగుతుంది.

మనుషులు చనిపోయిన సంగతి దాటవేస్తే నా సమాధానం నిజాయితీ తప్పుతుంది. 2011 జనవరిలో కూచ్‌బెహార్ సరిహద్దున కంచె దాటుతూ తూటా తగిలిన ఒక బంగ్లాదేశ్ బాలిక మృతదేహం గంటల తరబడి తీగకు వేలాడిన ఫొటో ప్రపంచమంతా చూసింది. రెండు దేశాల మధ్య ఏళ్ళ తరబడి కూడబెట్టిన సద్భావం ఒక్క ఫొటోతో ఎంత తరిగిపోతుందో అప్పుడు చూశాం. 2025 జనవరిలోనూ గీతకు దగ్గరగా ఒంటి వరుస కంచె వేయడం మీద ఢాకా మన హైకమిషనర్‌ను పిలిపించి అభ్యంతరం చెప్పింది, మరునాడు ఢిల్లీ వారి డిప్యూటీ హైకమిషనర్‌ను పిలిపించింది. కంచె గురించి పొరుగువాడితో ముందుగా మాట్లాడుకోవడమా, వేశాక సంజాయిషీ ఇవ్వడమా అన్న దాన్ని బట్టే చాలా వరకు తరవాతి సంబంధం ఉంటుంది.

భద్రతకు సంబంధించిన కంచెల్లో ఫలితాన్ని విడదీసి చూపడం కష్టం. కశ్మీర్‌లో నియంత్రణ రేఖ వెంబడి సుమారు 550 కిలోమీటర్ల కంచె 2004లో పూర్తయ్యాక చొరబాట్లు తగ్గాయన్నది నిజమే, 2003 నవంబర్‌లో కాల్పుల విరమణ కుదిరిందన్నదీ నిజమే. కాల్పులు ఆగడం వల్లనే ఆ కంచె వేయడం సులువైంది కూడా. గాజా చుట్టూ ఇజ్రాయెల్ సెన్సార్లు, భూగర్భ గోడతో కట్టిన 65 కిలోమీటర్ల అడ్డుకట్ట 2021 డిసెంబర్‌లో పూర్తయింది. 2023 అక్టోబర్ 7న హమాస్ సాయుధులు దాన్ని బుల్‌డోజర్లతో, పేలుడు పదార్థాలతో అనేక చోట్ల తెంచుకుని వచ్చారు. యంత్రం చూస్తోందన్న ధీమా ఎంత దూరం నమ్మదగినదో కాపలా ఉద్యోగంలో ఉన్నవారికి ఆ రోజు బాగా తెలిసింది.

నది సరిహద్దు అయినచోట కంచె మాట మరీ వింతగా ఉంటుంది. ధుబ్రీ దగ్గర బ్రహ్మపుత్ర పాయలు పాయలుగా చీలి బంగ్లాదేశ్‌లోకి పోతుంది. అక్కడివారు చర్ అనే దిబ్బలు మన లంకలే. ఒక వరదకు ఒక చర్ కోతకు గురై పోతుంది, మరొకచోట ఇసుక మేట వేసి కొత్తది లేస్తుంది. హద్దు స్తంభాన్ని కాగితంలో ఉన్న చోట వెతికితే అక్కడ రెండు నిలువుల నీరుండేది. అటువంటి చోట ముళ్ళతీగ నిలవదు కనుక నదీ ప్రాంతంలో 61 కిలోమీటర్ల మేర 2019 మార్చిలో కెమెరాలు, సెన్సార్ల వ్యవస్థ పెట్టారు. ఇటువంటి తగాదాను ఓపికగా తీర్చుకున్న దేశాలూ ఉన్నాయి. రియో గ్రాండే నది దారి మార్చుకోవడంతో ఎల్ పాసో దగ్గర చమిజాల్ అనే నేల మెక్సికోదా అమెరికాదా అన్న వివాదం వందేళ్ళు నలిగింది. 1911 నాటి మధ్యవర్తుల తీర్పును అమెరికా ఒప్పుకోలేదు. చివరికి 1963 ఒప్పందంతో నేలను పంచుకుని, నదిని సిమెంటు కాలువలో పెట్టారు. కోతలో పోయిన జిరాయితీ నేల ఎదుటి ఒడ్డున మేటగా లేస్తే దాని మీద కోర్టుకు ఎక్కిన లంక రైతులకు ఆ వందేళ్ళు ఎక్కువ అనిపించవు.

ఇక మయన్మార్. 1,643 కిలోమీటర్ల ఆ సరిహద్దుకు కంచె వేస్తామని, వీసా లేకుండా ఇరువైపుల కొండజాతులు 16 కిలోమీటర్ల దాకా వచ్చిపోయే స్వేచ్ఛా రాకపోకల పద్ధతిని ఎత్తివేస్తామని 2024 మొదట్లో కేంద్రం ప్రకటించింది. మణిపూర్ ఘర్షణలు, మత్తుమందుల రవాణా, 2021 సైనిక తిరుగుబాటు తరవాత అక్కడి నుంచి వస్తున్న జనం, ఇవి ప్రభుత్వం చెప్పే కారణాలు, తోసిపుచ్చదగినవి కావు. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు దీన్ని వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. తరవాత పరిధిని 10 కిలోమీటర్లకు కుదించి, పాసులిచ్చి నిర్ణీత స్థానాల గుండా మాత్రమే పంపే పద్ధతి తెచ్చారు. అంటే గట్టు పూర్తి కాకముందే తూము అవసరమని ఒప్పుకున్నట్టే. నా అంచనాలో మైదానపు జాగాల్లో ఆ కంచె కొంత పనిచేస్తుంది, కొండల్లో ఖర్చుకు తగిన ఫలితం ఇవ్వదు, మత్తుమందుల ధరలో తేడా ఉన్నంతకాలం సరుకు కొత్త దారి వెతుక్కుంటుంది.

ఈ విషయాన్ని మీరు చదువుతూ ఉండాలనుకుంటే నాగాలాండ్ మోన్ జిల్లాలోని లాంగ్వా ఊరి మీద కన్నేసి ఉంచండి. అక్కడి కొన్యాక్ నాగా తెగ పెద్ద, వాళ్ళు ఆంగ్ అంటారు, నివసించే ఇంటి నడుమగుండానే సరిహద్దు రేఖ పోతుంది. ఇంట్లో ఒక భాగం భారత్‌లో, ఒక భాగం మయన్మార్‌లో ఉన్నాయి. 150 గజాల పట్టీలో గేటు తాళాలు వేసిన అనుభవంతో నేను ఎదురుచూస్తున్నది, ఆ ఊళ్ళో గేటును ఎక్కడ పెడతారు, సాయంత్రం దాన్ని ఎన్ని గంటలకు మూస్తారు అన్న వివరం కోసం.